చార్మినార్ చౌరస్తాలో నాలుగు పూటలు: 2024–25 వార్షిక నివేదిక

మన కాలనీ సంఘ సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది సర్వసభ్య సమావేశంలో విహారయాత్ర ఎక్కడికి అన్న మాట రాగానే ఎప్పటిలాగే శ్రీశైలం, నాగార్జునసాగర్, యాదగిరిగుట్ట పేర్లు వినిపించాయి. అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, "మనలో చార్మినార్ మెట్లెక్కినవాళ్లు ఎంతమంది?" అని అడిగారు. హాల్లో 60 మందికి పైగా ఉన్నాం. లేచిన చేతులు తొమ్మిది. గుంటూరు నుంచి, నల్గొండ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చి పాతికేళ్లుగా ఈ ఊళ్లో ఇళ్లు కట్టుకున్నాం, పిల్లల పెళ్లిళ్లు చేశాం. ఆ పెళ్లిళ్లకు గాజులు కొనడానికి లాడ్ బజార్ వెళ్లాం, కొన్నాం, ఆటో ఎక్కి వచ్చేశాం. చార్మినార్‌తో మనలో చాలామందికి ఉన్న పరిచయం అంతే. ఆ రోజు తీసుకున్న నిర్ణయం ప్రకారం ఈ ఏడాది దూరప్రయాణాలన్నీ పక్కనపెట్టి నాలుగుసార్లు పాతబస్తీకే వెళ్లాం. ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే. మిగతా కార్యక్రమాలను చివర్లో క్లుప్తంగా రాశాను.

మొదటిసారి: జూన్, మిట్టమధ్యాహ్నం

దీన్ని సరిగ్గా నడపలేదని కార్యదర్శిగా ముందే ఒప్పుకోవాలి. 34 మందిమి పెద్ద బస్సు మాట్లాడుకుని పదకొండున్నరకు బయల్దేరాం. చార్మినార్ చుట్టూ బండ్లు తిరగనివ్వరన్న సంగతి మాకు తెలియనిది కాదు, కానీ మదీనా చౌరస్తా దగ్గరే ఆగిపోవాల్సి వస్తుందని అనుకోలేదు. అక్కడి నుంచి ఎండలో నడక. పత్తర్‌గట్టి దాటేసరికి ఇద్దరు పెద్దవాళ్లకు కళ్లు తిరిగాయి. ఒక బట్టల దుకాణం యజమాని మేం అడగకముందే రెండు స్టూళ్లు బయటికి వేయించి, కుర్రాణ్ణి పంపి చల్లటి నీళ్లు తెప్పించారు. "కూసోండమ్మా, పరేషాన్ కావద్దు, ఎండ తగ్గినంక పొండి" అన్నారు. ఆయన దగ్గర మేం ఒక్క జాకెట్టు ముక్క కూడా కొనలేదు.

మిగిలినవాళ్లం చార్మినార్ ముందు ఫొటోలు దిగి, మక్కా మసీదు ఆవరణలో పావురాలను చూసి, రెండు గంటల్లో బస్సెక్కేశాం. ఇంటికొచ్చాక ఏం చూశామని మనవరాలు అడిగితే నాకు సరైన జవాబు దొరకలేదు. ఇకమీదట పన్నెండుమందికి మించి వెళ్లకూడదని, బస్సు అసలే వద్దని తర్వాతి కార్యవర్గ సమావేశంలో తీర్మానించాం.

రెండోసారి: నవంబర్, తెల్లవారుజాము

పదకొండుమందిమి ఆటోల్లో నయాపుల్ దగ్గర దిగాం. అప్పటికింకా తెల్లవారలేదు. కింద మూసీ సన్నగా పారుతోంది. 1908 సెప్టెంబర్‌లో ఇదే నది ఊరిని ముంచేసింది. ఆ వరద తర్వాతే ఊరిని మళ్లీ సరిదిద్దాలన్న ఆలోచన గట్టిపడి, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. మదీనా నుంచి చార్మినార్ వైపు రోడ్డుకు రెండు పక్కలా వరసగా కనిపించే పత్తర్‌గట్టి రాతి కమాన్లు ఆ మండలి కట్టించినవే. జూన్‌లో ఎండకు తల దించుకుని నడిచిన దారి ఇదే. దుకాణాల షట్టర్లు మూసి ఉంటే ఆ రాతి పనితనమంతా ఒక్కసారి కంటికి ఆనింది. పగటిపూట బోర్డులు, వేలాడే బట్టలు దాన్ని కప్పేస్తాయి.

మచ్లీ కమాన్ కింద నుంచి దాటాక గుల్జార్ హౌజ్. రోడ్డు మధ్యన ఉన్న ఆ చిన్న ఫౌంటెన్‌ను మనం ఎన్నోసార్లు ఆటోలో చుట్టి వెళ్లి ఉంటాం. ఆ రోజు దాని గట్టుమీద కూర్చుని నాలుగు దిక్కులా చూశాం. ఉత్తరాన మచ్లీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమర సెహర్-ఎ-బాతిల్ కమాన్. మంత్రతంత్రాలను వమ్ము చేసేదని ఆ చివరిదాని పేరుకు అర్థం. రాజమందిరాలకు దారి ఆ పడమటి కమాన్ లోంచే ఉండేది. ఈ నాలుగింటి మధ్య ఉన్న ఖాళీ జాగా జిలౌఖానా, రాజు బయటికి వచ్చేటప్పుడు సైనికులు బారులు తీరిన మైదానం. నడుమ ఉన్న హౌజును మొదట్లో చార్ సూ కా హౌజ్, అంటే నాలుగు దిక్కుల కొలను, అనేవారు.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కొత్త నగరం తలపెట్టినప్పుడు దాని నమూనా గీసింది ఆయన పేష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ అస్త్రాబాదీ. రెండు పెద్ద దారులు ఒకదాన్నొకటి కోసుకునే చోట చార్మినార్ నిలబెట్టి, అక్కడి నుంచి ఊరిని నాలుగు వైపులా పరిచారు. గోల్కొండలో నీళ్లు చాలక, జనం కిక్కిరిసి ఈ ఊరు పుట్టింది. ప్లేగు తగ్గినందుకు గుర్తుగా చార్మినార్ కట్టారని ఒక మాట. ముస్లింల హిజ్రీ పంచాంగంలో వెయ్యో ఏడు మొదలైనది 1591లోనే కాబట్టి దానికి గుర్తుగా కట్టారని ఇంకో మాట. మాలో ఉన్న చరిత్ర టీచరు గారు రెండో మాట వైపే మొగ్గారు. నాకైతే, నాలుగు రోడ్లు కలిసేచోట ఊరికి నడిబొడ్డు ఇదీ అని చెప్పడానికి అంత కట్టడం కావాల్సిందే అనిపించింది. మిగతా కారణాలు దాని తర్వాతే.

వెలుతురు రాకముందే చౌరస్తా లేచింది. మీర్ ఆలం మండీ వైపు నుంచి కూరగాయల తోపుడుబండ్లు, ఇరుసు కిర్రుమంటూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. హోటల్లో చాయ్ అప్పటికే సిద్ధంగా ఉంది. ఇరానీ చాయ్‌కి డికాక్షన్ ఒకచోట మూతపెట్టి సన్నసెగ మీద మగ్గుతూ ఉంటుంది, పాలు ఇంకోచోట చిక్కబడేదాకా మరుగుతాయి. కప్పులో రెండూ కలిసేది మన కళ్లముందే. ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తిన్నాం. పక్క బల్ల మీద ఒక రిక్షా అతను చాయ్ సాసర్‌లో పోసుకుని, ఊదుకుంటూ, చార్మినార్ వైపు చూస్తూ తాగుతున్నాడు. రోజూ చూసేదే కదా అని మావాళ్లలో ఒకరు అంటే, "రోజూ చూస్తేనే కదమ్మా నాది" అన్నాడు.

టికెట్ కౌంటర్ తెరిచాక మెట్లెక్కాం. అవి సన్నగా మెలికలు తిరుగుతాయి, ఒక్కొక్కటీ మోకాలెత్తు. సందర్శకులను మొదటి అంతస్తు దాకానే పంపుతారు. అంతకంటే పైన, పడమటి వైపు, మసీదు ఉంది. మోకాళ్ల నొప్పులున్న ముగ్గురు కిందే ఉండిపోయారు, వాళ్లకు ఇంకో ఏర్పాటు ఏమీ లేదు. నాలుగు వైపులా పెట్టిన గడియారాలు 1889 నాటివి. పైనుంచి చూస్తే ఒక దారి గుల్జార్ హౌజ్ వైపు, ఒకటి మక్కా మసీదు పక్కగా, ఒకటి లాడ్ బజార్లోకి, ఒకటి సర్దార్ మహల్ వైపు సాగుతాయి. మీర్ మోమిన్ గీసిన కాగితం మీదే నిలబడ్డట్టు ఉంది.

మూడోసారి: జనవరి, లాడ్ బజార్

ఈ నడకను మహిళా విభాగం వాళ్లు నడిపారు. కొనడానికి కాకుండా, గాజు ఎలా తయారవుతుందో చూడటానికి వెళ్లాలని వాళ్ల షరతు. లాడ్ బజార్ వెనక సందులో ఒక పనివాడి ఇంటికి అనుమతి అడిగి నలుగురేసి లోపలికి వెళ్లాం, పది అడుగుల గదిలో అంతకంటే పట్టరు.

కుంపట్లో బొగ్గులు. వాటిమీద ఆయన లక్కముద్దను మెల్లగా తిప్పుతూ మెత్తబరుస్తాడు. మెత్తబడ్డదాన్ని చదును రాయి మీద చెక్కపలకతో దొర్లిస్తే సన్నని కడ్డీ అవుతుంది. దాన్ని వేడి మీదుండగానే వంచి, రెండు కొసలూ అతికించి, గుండ్రటి చెక్కకు తొడిగి కొలత సరిచేస్తాడు. ఇదంతా చల్లారేలోపు జరగాలి, లక్క ఆగదు. ఆ తర్వాత పని ఆయన భార్యది. గాజును మళ్లీ కొంచెం వేడి చూపించి, చిమటాతో (సన్నని పట్టకారుతో) ఒక్కొక్క రాయీ తీసి నొక్కుతుంది. ఒక వరసలో రాళ్లు ఎన్నని అడిగితే తలెత్తకుండానే "లెక్కపెట్టను, వేలికి తెలుస్తది" అంది. ఆమె బొటనవేలి కొస నున్నగా, మెరుపుగా ఉంది. వేడి లక్క తగిలి తగిలి గీతలన్నీ అరిగిపోయాయి.

మనం దుకాణంలో "రెండు నాలుగు", "రెండు ఆరు" అని కొలతలు చెబుతాం కదా, వాటి అర్థం మాలో చాలామందికి ఆ రోజే తెలిసింది. గాజు లోపలి అడ్డుకొలత రెండు అంగుళాల పైన పదహారో వంతులు నాలుగు, లేదా ఆరు. నలభై ఏళ్లుగా గాజులు వేసుకుంటూ ఈ మాట అడగలేదే అని మా అక్కయ్యగారు దారి పొడవునా అంటూనే ఉన్నారు.

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మాట చెబితే ఆయన సంతోషించాడు, కానీ పిల్లలు ఈ పనిలోకి రావడం లేదన్నాడు. తిరిగి వస్తుంటే ఇంకో సందులోంచి టకటకమని సుత్తి చప్పుడు, ఆగకుండా. వెండి వరక్ కొట్టేవాళ్లు. తోలు పొరల మధ్య వెండి ముక్కలు పెట్టి, గంటల తరబడి కొడితే మిఠాయి మీద అంటించే ఆ పలచటి రేకు వస్తుంది. ఆ చప్పుడు వినిపించే ఇళ్లు ఏటేటా తగ్గిపోతున్నాయని పక్కింటాయన చెప్పాడు.

బేరాల గురించి మహిళా విభాగం ఒక తీర్మానం చేసింది, సభ్యులందరూ పాటించాలని నా మనవి. దుకాణంలో బేరం ఆడండి, అది అక్కడి ఆచారం, వాళ్లూ అందుకు సిద్ధపడే ధర చెబుతారు. తోపుడుబండి దగ్గర, నేలమీద గుడ్డ పరుచుకున్న వాళ్ల దగ్గర మాత్రం చెప్పిన ధర ఇచ్చేయండి. పది రూపాయలు తగ్గించుకుని మనం బాగుపడేది లేదు.

నాలుగోసారి: మార్చి, రంజాన్ రాత్రి

ఇఫ్తార్ అయ్యాక వెళ్లాం. ఆ రద్దీ గురించి విన్నాం కానీ, అంతలా ఉంటుందని ఊహించలేదు. అత్తరు సీసాలు, ఖర్జూరాల గుట్టలు, కుర్తాలు, చెప్పులు, బట్టీల మీద హలీమ్ దేగ్‌లు, అంటే పెద్ద గుండిగలు. 2010లోనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆ హలీమ్ కోసం మాంసాహారులందరూ వరసలో నిలబడ్డారు. శాకాహారులకు ఫలూదా దొరికింది. లాడ్ బజార్ సెహ్రీ వేళ దాకా, అంటే ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే వేళ దాకా, తెరిచే ఉంటుంది.

పదిన్నరకు కోశాధికారి గారి అత్తగారు కనపడలేదు. ఆమెకు 76 ఏళ్లు, ఫోన్ వాడరు, హిందీ రాదు. ఆ అరగంట మా గుండెలు ఎలా కొట్టుకున్నాయో రాయలేను. ఆమె చేతిసంచిలో అల్లుడి నంబరు రాసిన కాగితం ఉంటుంది. రోడ్డు పక్కన పిన్నులు, రబ్బరు బ్యాండ్లు అమ్మే ఒకావిడ దాన్ని చూసి ఫోన్ చేసింది. మేం వెళ్లేసరికి ఆమె తన గోనెపట్టా మీద పెద్దావిడను కూర్చోబెట్టి, చేతిలో చాయ్ పెట్టి, ఒక పక్క బేరాలు చూసుకుంటోంది. "ఈమె నాకు గిరాకీ తెచ్చింది, లక్ష్మి వచ్చి కూసుంది" అని నవ్వింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పిన్నులు కొంటే మాత్రం లెక్కగా చిల్లర తిరిగిచ్చింది. అత్తగారు మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తారని ఇప్పటికీ అడుగుతున్నారు.

ఆ ఆవిడ కూర్చునే జాగా రేపు ఉంటుందో ఉండదో ఆమెకే తెలియదు. వీధి వ్యాపారుల జీవనోపాధికి రక్షణగా 2014లో కేంద్ర చట్టం వచ్చింది. సర్వే చేసి, ధ్రువపత్రాలు ఇచ్చి, పట్టణ విక్రయ కమిటీలో వాళ్లకూ చోటు కల్పించాలని అందులో ఉంది. నడిచేవాళ్లకు దారి కావాలన్నది నిజమే, దానికోసం పరిచిన గ్రానైట్ మీద మనమూ హాయిగా నడిచాం. కానీ బండ్లన్నీ తీసేస్తే అక్కడ నడవడానికి ఎవరొస్తారు? ఆ రాత్రి మా మనిషిని కాపాడి అప్పగించింది కెమెరాలు కాదు, పిన్నులమ్మే ఆవిడ.

ఒక ఫిర్యాదు కూడా నమోదు చేయాలి. నాలుగుసార్లూ ఆడవాళ్లు మరుగుదొడ్డి కోసం ఇబ్బంది పడ్డారు. ఉన్నది దూరం, ఒకసారి తాళం వేసి ఉంది. దీనిమీద, పెద్దవాళ్లు కూర్చోవడానికి బల్లల మీద, 41 సంతకాలతో సంబంధిత కార్యాలయానికి అర్జీ పెట్టాం. అందినట్టు రసీదు ఉంది, జవాబు రాలేదు. కొత్త కార్యవర్గం దీన్ని వదలకూడదు.

ఇతర కార్యక్రమాలు

ఆగస్టులో కంటి పరీక్షల శిబిరం జరిగింది. గ్రంథాలయం ఆదివారాలు తెరిచే ఉంది, పుస్తకాలు తీసుకెళ్లి తిరిగి ఇవ్వనివారు దయచేసి ఇవ్వండి. పార్కులో నాటిన మొక్కల్లో సగం ఎండిపోయాయి, నీటి ట్యాంకర్ వంతు సరిగా పెట్టుకోలేదు. సంక్రాంతి ముగ్గుల పోటీ బాగా జరిగింది.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఒక్క సంగతి మాత్రం నేనే చెబుతాను. జూన్‌లో బస్సుకు పోసిన డబ్బు మిగతా మూడు నడకల మొత్తం ఖర్చు కంటే ఎక్కువ.

వచ్చే ఏడాది

మళ్లీ అక్కడికే వెళ్దామని ఎక్కువమంది కోరారు. ఛత్తా బజార్లో పెళ్లిపత్రికలకు ఉర్దూ అక్షరాలు చేత్తో రాసేవాళ్లను, మహబూబ్ చౌక్ గడియారస్తంభం చుట్టుపక్కల సంతను, 1594 ప్రాంతంలో కట్టిన బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలోని (మొహర్రం సంతాప మందిరంలోని) రంగుపలకల పనిని చూడాలని అనుకుంటున్నాం. మెట్లెక్కలేని పెద్దవాళ్ల కోసం ఒక నడకంతా కిందే, కూర్చుంటూ కూర్చుంటూ సాగేలా పెడతాం.

మొదటి నడక జూన్ రెండో ఆదివారం, ఉదయం అయిదుంబావుకు కాలనీ గేటు దగ్గర. రిజిస్టర్ వాచ్‌మన్ గది బల్ల మీద ఉంటుంది. పన్నెండు పేర్లు నిండాక కింద రాయకండి, తర్వాతి నెల పేజీ తిప్పి రాయండి. మంచినీళ్ల సీసా, మెత్తటి చెప్పులు, చిల్లర డబ్బులు తెచ్చుకోండి. పెద్దవాళ్ల సంచిలో ఇంటి నంబరు రాసిన కాగితం తప్పకుండా పెట్టండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి