పిల్లల చేత జెల్లీలు చేయిద్దాం, మన ఎండకు తగ్గట్టు

సంపాదకులకు నమస్కారం.

బడుల ముందు బండ్ల మీద అమ్మే రంగు జెల్లీలు పిల్లలకు మంచివి కావని, కొనవద్దని మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. పీచు మిఠాయిలో రోడమిన్-బి అనే బట్టలకు వేసే రంగు దొరికిందని 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు దాన్ని నిషేధించాయి. అప్పటి నుంచి ఇలాంటి వార్తలు తరచూ వస్తున్నాయి. రావాలి కూడా. కాకపోతే అన్నీ "కొనకండి" అన్న దగ్గరే ఆగిపోతున్నాయి. మూడేళ్ల పిల్లాడికి ఆ మాట ఎక్కదు. ఎర్రగా నిగనిగలాడేది వాడికి కావాలి. అది ఇంట్లోనే, వాడి చేత్తోనే తయారవుతుందని చూపిస్తే బండి దగ్గర పేచీ చాలావరకు తగ్గుతుంది.

నేను ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. సెలవుల్లో మా మనవరాలు, మనవడు, వాళ్లతో పాటు మా అపార్ట్‌మెంట్ పిల్లలు కొందరు మా వంటింట్లోనే ఉంటారు. వాళ్లతో పళ్లరసం జెల్లీలు చేయిస్తుంటాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ఫోన్లో కనిపించే ఈ రకం వంటలు చాలావరకు జెలటిన్‌తో చేసేవి. జెలటిన్ అంటే పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే పదార్థం. తినేవాళ్లు తింటారు, అందులో తప్పులేదు. కానీ పక్కింటి పిల్లలు శాకాహారులైతే వాళ్లమ్మను అడగకుండా వాళ్ల చేతిలో పెట్టకూడదు కదా. కొనే ప్యాకెట్ల మీద మాంసాహారమని తెలిపే గోధుమరంగు త్రికోణం గుర్తు ఉందేమో చూడమని మా మనవరాలికి నేర్పాను. ఇప్పుడు షాపులో అదే ముందు వెతుకుతుంది.

ఎండ సంగతి ఇంకొకటి. జెలటిన్ ముప్పై అయిదు డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మే నెలలో మా తెనాలిలో ఎండ నలభై దాటుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన జెల్లీ పిల్లలు పంచుకునేలోపే పళ్లెంలో నీళ్లవుతుంది. ఉడికించని అనాసరసం, బొప్పాయిరసం కలిపితే అసలు గడ్డే కట్టదు. మాంసాన్ని మెత్తబరిచే గుణం ఆ పళ్లలో ఉంది, జెలటిన్‌నూ అదే విరగ్గొట్టేస్తుంది.

అందుకే నేను చైనా గ్రాస్ వాడతాను. అగర్ అగర్ అన్నా అదే. ఇది సముద్రపు నాచు నుంచి తీసేది. తమిళనాడులో రామేశ్వరం వైపు ఆడవాళ్లు సముద్రంలో మునిగి ఈ నాచు ఏరి అమ్ముకుంటారు. ఈ మాట చెప్తే పిల్లలు పొయ్యి దగ్గర నుంచి కదలరు. నలభై డిగ్రీల లోపుకి చల్లారితే గడ్డకడుతుంది, మళ్లీ కరగాలంటే దాదాపు ఎనభై అయిదు డిగ్రీలు కావాలి. అంటే మన ఎండాకాలంలో బల్ల మీద పెట్టినా నిలుస్తుంది.

పద్ధతి తేలికే. ఒక గ్లాసు బత్తాయి రసానికి రెండు చిన్న చెంచాల చైనా గ్రాస్ పొడి సరిపోతుంది. పొడిని సగం గ్లాసు చల్లటి నీళ్లలో కలిపి, తిప్పుతూ మరిగించి, సన్నమంట మీద రెండు నిమిషాలు ఉంచాలి. పొడి పూర్తిగా కరగడమే ముఖ్యం. లేకపోతే నోటికి ఇసుకలా తగులుతుంది. దించాక రసం కలపాలి. రసం ఫ్రిజ్‌లోది అయితే వెంటనే ఉండలు కడుతుంది, ముందే బయటపెట్టి చల్లదనం పోనివ్వాలి. నిమ్మరసం ఎప్పుడూ దించాకే వేయాలి, పులుపుతో కలిపి మరిగిస్తే పట్టు తగ్గుతుంది. నెయ్యి రాసిన పళ్లెంలో పోస్తే అరగంట లోపే గట్టిపడుతుంది. దానిమ్మకు, నల్ల ద్రాక్షకు చక్కెర అక్కర్లేదు. బత్తాయి పుల్లగా ఉంటే కాస్త బెల్లం చాలు.

పొయ్యి పని పెద్దవాళ్లదే. తక్కినదంతా పిల్లలది. బత్తాయి తొనలు ఒలవడం, దానిమ్మ గింజల్ని గుడ్డలో వేసి పిండడం, చెంచాతో కొలవడం, పళ్లానికి నెయ్యి రాయడం. వాళ్లకు అన్నింటికన్నా ఇష్టమైంది శంఖుపూల నీళ్లు. వేడినీళ్లలో పూలు వేస్తే నీలం దిగుతుంది, అందులో నిమ్మరసం పిండితే చూస్తుండగానే ఊదారంగుకి తిరుగుతుంది. రంగు డబ్బాలోంచి కాక పువ్వులోంచి వస్తుందని బడిలో ఎన్ని పాఠాలు చెప్పినా అంత బాగా ఎక్కదు.

వీడియోల మీద నాకున్న కోపం మాత్రం వేరే విషయంలో. గుండ్రటి అచ్చుల్లో, గోళీలంత జెల్లీలు పోసి రెండేళ్ల పిల్లల నోట్లో పెడుతున్నారు. చైనా గ్రాస్ జెల్లీ నోటి వేడికి కరగదు. గుండ్రంగా, జారుడుగా ఉండే ముక్క గొంతుకు అడ్డంపడితే ఊపిరి ఆగిపోతుంది. కొంజాక్ అనే దుంపపిండితో చేసే చిన్న కప్పుల జెల్లీల వల్ల పిల్లలు చనిపోయాకే అమెరికా, యూరప్ దేశాలు వాటిని ఆపేశాయి. నాలుగేళ్ల లోపు పిల్లలకైతే పలుచగా పోసి, వేలి గోరంత చిన్న ముక్కలుగా కోసి, కూర్చోబెట్టి, మనం ఎదురుగా ఉండి పెట్టాలి. పరిగెత్తే పిల్ల వెనకాల పడి నోట్లో కుక్కకూడదు. ఏడాది లోపు పిల్లలకు అసలే వద్దు. కొందరు బెల్లం బదులు తేనె వేస్తున్నారు, ఏడాది లోపు వాళ్లకు తేనె చాలా ప్రమాదం.

ఇది పండుకు బదులు కాదన్న సంగతీ రాయాలి. వడకట్టిన రసంలో పీచు ఉండదు. నేను గుజ్జు కొంత వదిలేస్తాను, అయినా రోజూ తినాల్సింది పండే. మామిడి కాలంలో జెల్లీ మానేసి తాండ్ర పోయిస్తాను. ఆత్రేయపురం వాళ్లలా చాప మీద కాకపోయినా, నెయ్యి రాసిన పళ్లెంలో రోజుకో పొర పోసి, పైన పలుచటి గుడ్డ కట్టి డాబా మీద పెడితే ఎండే పని చేసిపెడుతుంది. పొర ఆరిందా లేదా అని పిల్లలు పోటీపడి చూసి వస్తారు.

మీ పిల్లల పేజీలో వేసవి వంటలు వేస్తుంటారు. ఈసారి జెల్లీ వేస్తే చైనా గ్రాస్ కొలతతోనే వేయండి. ముక్క ఎంత ఉండాలో, ఏ వయసు వాళ్లకు పెట్టకూడదో వంట పేరు కిందే పెద్ద అక్షరాల్లో వేయండి. పేజీ చివర చిన్నగా వేస్తే ఎవరూ చదవరు.

– ఒక రిటైర్డ్ టీచరు, తెనాలి