గుప్పెడు బియ్యం పెట్టిన ప్రతి ఇంటికీ వందనాలు

అందరికీ ప్రభువు పేరిట వందనాలు.

ఇది ఎప్పుడో రాయాల్సింది. సంక్రాంతి సెలవుల్లో కూర్చుని రెండు లైన్లు రాసి ఆపేశాను. ఎవరి పేరు ముందు రాయాలి, ఎవరినైనా మర్చిపోతే ఏమనుకుంటారో అని టెన్షన్. చివరికి మా ఆయనే అన్నారు, పేర్లెందుకు, ఎవరు ఏం చేశారో వాళ్ళకి తెలుసు, జరిగింది రాయి చాలు అని. అందుకని ఇందులో ఎవరి పేరూ ఉండదు. చదువుతుంటే మీకే తెలిసిపోతుంది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. మా ఆయన సెంట్రింగ్ పని చేస్తారు. పోయిన ఆగస్టులో ఇక్కడే ఒంగోల్లో ఒక అపార్ట్‌మెంటు పనిలో రెండో శ్లాబు మీద నుంచి కింద పడ్డారు. ఎడమ తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఆపరేషన్ వరకు ఆరోగ్యశ్రీలో అయిపోయింది గానీ ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, ఆటో ఖర్చులు, నెలల తరబడి కూలి లేకపోవడం, ఇవేవీ ఏ కార్డులోనూ రావు కదా. పని చేయించిన ఆయన మొదటి వారం ఫోన్ ఎత్తాడు, రెండో వారం నుంచి ఎత్తలేదు. ఆయన గురించి ఇంతకంటే రాయను. మొదలుపెడితే ఇది కృతజ్ఞతల పోస్టు కాదు, వేరే పోస్టు అవుతుంది.

ముందు కొన్ని గబగబా చెప్పేస్తాను. అర్ధరాత్రి రెండు యూనిట్ల రక్తం కావాలంటే మన చర్చి యూత్ పిల్లలు నలుగురు బైకులేసుకుని వచ్చారు. అందులో ఒకడిని బరువు చాలలేదని వెనక్కి పంపిస్తే ఏడుపు మొహం పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు (నాన్నా, నీకు డబుల్ థాంక్స్, కాస్త అన్నం తిను). ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు తీసుకెళ్ళిన ఆటో భాయ్, మెట్ల దగ్గర మా ఆయన్ని చంటిపిల్లాడిలా ఎత్తుకుని దించేవాడు. డబ్బులివ్వబోతే "ఇప్పుడొద్దు వదినా, అన్న నడవగలిగాక నడుచుకుంటూ వచ్చి ఇవ్వమను" అనేవాడు. ఆ మాట ఎన్ని మందులకి సమానమో నాకు తెలుసు. పక్కింటి పిన్నిగారు వినాయక చవితి రోజున, మేము ప్రసాదం తినమని తెలిసి, పూజకి ముందే మా పిల్లల కోసం ఉండ్రాళ్ళు విడిగా తీసిపెట్టి పంపించారు. నైవేద్యం పెట్టకముందే తీశానమ్మా, తినొచ్చు అని చెప్పి మరీ. ఇంత ఆలోచన ఎంతమందికొస్తుంది?

ఇప్పుడు అసలు సంగతి. సాయం అందుతోంది, మనిషి బతికాడు, ఆపరేషన్ బాగా జరిగింది, అయినా నాకు సంతోషం లేదు. పుట్టినప్పటి నుంచి చర్చిలో పెరిగినదాన్ని, సండే స్కూల్లో కంఠత వాక్యాలు చెప్పి స్టీలు గ్లాసులు ప్రైజులు తెచ్చుకున్నదాన్ని. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి, మరల చెప్పుదును ఆనందించుడి", బైబిల్లో ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం నాలుగో వచనం అని నిద్రలో లేపినా చెప్తాను. ఆ నెలంతా ఆ వాక్యమే గులాబీ పువ్వుల బొమ్మతో వాట్సాప్‌లో వచ్చేది. పంపినవాళ్ళది మంచి మనసే, కాదనను. కానీ బెడ్‌పాన్ కడిగి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఫోన్ చూస్తే ఆ గులాబీలు కనపడగానే నాకు ఒళ్ళు మండేది. పైగా, విశ్వాసురాలిని అయ్యుండి సంతోషంగా లేకపోవడం కూడా పాపమేమో అని ఇంకో బరువు.

పాస్టరమ్మగారు ఒకరోజు మధ్యాహ్నం వచ్చారు. వాక్యం చెప్తారనుకుని బైబిలు తీశాను. ఆవిడ నేరుగా పెరట్లోకి వెళ్ళి, రెండు పూటల అంట్లు ముందేసుకుని తోమడం మొదలుపెట్టారు. వద్దమ్మగారూ అంటే వినలేదు. అన్నీ బోర్లించి, చేతులు కడుక్కుని, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఒక్క మాట అన్నారు, పదమూడో కీర్తన చదువుకో అని. "యెహోవా, ఎన్నాళ్ళవరకు నన్ను మరచిపోవుదువు" అని మొదలవుతుంది అది. దేవుణ్ణి ఇలా అడగొచ్చా అమ్మగారూ అన్నాను. దావీదు అడిగాడుగా, నువ్వూ అడుగు, ఏమనుకోడు అన్నారు. చాలా రోజులు నా ప్రార్థన అదే. చిన్న కీర్తనే, చివర్లో దావీదు పాటలోకి వెళ్ళిపోతాడు. నేను అక్కడిదాకా వెళ్ళేదాన్ని కాదు, సగంలోనే ఆపేసి పడుకునేదాన్ని. అయినా అబద్ధం ఆడకుండా ప్రార్థన చేసుకోవచ్చని తెలిసిన తర్వాత కాస్త ఊపిరాడింది.

ఇక బియ్యం సంగతి. మన స్త్రీల సమాజంలో గుప్పెడు బియ్యం అలవాటు అందరికీ తెలిసిందే, తెలియని చిన్నవాళ్ళ కోసం చెప్తున్నా. ఎసట్లో బియ్యం పోసేటప్పుడు ఒక గుప్పెడు తీసి పక్కన డబ్బాలో వేస్తాం. నెలాఖరుకి ఆ డబ్బాలన్నీ చర్చికి తెస్తాం. మామూలుగా అయితే ఆ బియ్యం అమ్మి ఆ డబ్బు సమాజం లెక్కలో రాస్తారు, ఎవరైనా ఇబ్బందుల్లో ఉంటే మాత్రం బియ్యంగానే వాళ్ళింటికి పంపిస్తారు. పెళ్ళైన దగ్గర్నుంచి నేను వేసేదాన్నే గానీ అది తిరిగి నా గుమ్మంలోకి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. సెప్టెంబరు చివర్లో ముప్పావు బస్తా బియ్యం మా ఇంట్లో దించారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు వండాను. ఎలా వస్తుందనుకున్నారు? ఇరవై రెండు ఇళ్ళ బియ్యం! సోనా మసూరి, స్వర్ణ, రేషన్ బియ్యం, ఒకరివి పాతవి, ఒకరివి నిన్నగాక మొన్న మరాడించినవి. నీళ్ళు ఎన్ని పోయాలో నాకే అర్థం కాలేదు. మూత తీస్తే సగం మెతుకులు సంకటి, సగం పలుకు. పిల్లలు మొహాలు చూసుకున్నారు. నేను ఏడవబోతుంటే మంచం మీద నుంచి మా ఆయన ఒక మెతుకు వేలితో నొక్కి చూసి, "ఇది కోశాధికారి అమ్మగారింటిది, ఎంత నొక్కినా లొంగట్లేదు" అన్నారు. ఇంకోటి తీసి, "ఇది పాస్టరమ్మగారిది, వెన్నలా ఉంది" అన్నారు. అంతే, పిల్లలు కూడా మొదలుపెట్టారు, ఇది ఫలానా వాళ్ళది, ఇది ఫలానా వాళ్ళదని. నేను గరిటె చేతిలో పట్టుకుని నవ్వాను, నవ్వి నవ్వి కూర్చుండిపోయాను. ఆయన పడిపోయిన రోజు నుంచి మా ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదటిసారి. (కోశాధికారి అమ్మగారూ, క్షమించండి. ఆ బియ్యం మీవో కాదో మాకూ తెలియదు.)

ఆ సాయంత్రం సమాజం పెద్దమ్మ వచ్చి, వంటింట్లోకి తొంగి చూసి, "నీ డబ్బా ఏది?" అని అడిగింది. నాకు గుండె కలుక్కుమంది. మేమే అడుక్కుతినే పరిస్థితిలో ఉంటే మళ్ళీ మా దగ్గర డబ్బానా అనుకున్నాను, నిజం చెప్తున్నా, ఆ రాత్రి ఆవిడ మీద చాలా కోపం వచ్చింది. పొద్దున్నే పంతానికి వేశాను. వాళ్ళిచ్చిన బియ్యంలోంచే గుప్పెడు తీసి పాత హార్లిక్స్ సీసాలో వేశాను. ఇదిగో, తీసుకోండి అన్నట్టు. రెండో రోజూ పంతమే. నాలుగో రోజో అయిదో రోజో, వేసేటప్పుడు బరువు చాలక వరండాలో కూర్చున్న ఆ పిల్లాడు గుర్తొచ్చాడు. వాడి పేరు చెప్పి వేశాను. తర్వాత రోజు ఆటో భాయ్ పేరు. ఆ తర్వాత పక్కింటి పిన్నిగారు. అలా రోజుకి ఒకరు. పెద్దమ్మా, ఆ రోజు మీరు డబ్బా అడగకుండా జాలిపడి వెళ్ళిపోయి ఉంటే నేను ఇంకా ఆ బస్తా వైపు చూసి తల దించుకునేదాన్ని. మీకు ఈ మాట ఎదురుగా చెప్పలేకపోయాను.

అక్టోబరులో బుధవారం కూటం మా ఇంట్లో పెట్టారు, ఆయన చర్చికి రాలేరని చర్చే వచ్చింది. ఆ రోజు పాస్టరు అయ్యగారు ప్రసంగం చేయకుండా ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగు అధ్యాయాలూ వరసగా చదివించారు, తలా ఒక అధ్యాయం. పావుగంట పట్టింది. నా గులాబీ వాక్యం ఎక్కడుందో అప్పుడు చూశాను. ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు అప్పుడు సంకెళ్ళలో ఉన్నాడు. ఫిలిప్పీ సంఘం వాళ్ళు ఎపఫ్రొదితు అనే మనిషి చేత ఆయనకి సాయం పంపించారు. ఆ వచ్చినవాడు జబ్బుపడి చావుదాకా వెళ్ళొచ్చాడు. ఆ సాయం అందుకుని పౌలు రాసిన జవాబు ఈ ఉత్తరం. అంటే మనం సంతోషం పత్రిక అని చెప్పుకునేది సాయం అందుకున్న మనిషి రాసిన కృతజ్ఞతల ఉత్తరం కూడా! "నా శ్రమలో మీరు పాలుపుచ్చుకొనినది మంచిపని" అంటాడు. ఇన్నేళ్ళూ ఒక్క వచనం కంఠత పట్టి గ్లాసు తెచ్చుకున్నాను గానీ, దాని వెనక ఇంత కథ ఉందని పట్టించుకోలేదు. ఏ స్థితిలో ఉన్నా సంతృప్తిగా ఉండటం నేర్చుకున్నాను అంటాడు అందులోనే. నేర్చుకున్నాను అన్న మాట దగ్గర మా ఆయన నా వైపు చూశారు. పౌలంతటివాడికే నేర్చుకోవాల్సి వచ్చిందంటే నాకు రెండు నెలల్లో రాలేదని కంగారెందుకు?

నవంబరు వచ్చేసరికి మీరందరూ కూడబలుక్కుని చేసిన పని ఇంకోటుంది, నాకు తెలియదనుకోకండి. నేను ఇంట్లో మిషన్ కుడతాను, మామూలుగా క్రిస్మస్‌కి పాతిక జాకెట్లు వస్తే గొప్ప. ఈసారి అరవై పైన వచ్చాయి. షాపులో కుట్టించుకునేవాళ్ళు కూడా ఆది జాకెట్టు సంచిలో పెట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. అన్నీ తెల్ల చీరల మీదవే, తెల్లబట్ట మీద ఒక్క నూనె చుక్క పడితే అయిపోయినట్టే, అందుకని రాత్రి మిషన్ కింద పాత దుప్పటి పరిచి కుట్టేదాన్ని. మా ఆయన మంచం మీద కూర్చుని హుక్కులు కుట్టడం నేర్చుకున్నారు. సెంట్రింగ్ మేకులు కొట్టే చేతులు, సూదిలో దారం ఎక్కించడానికి పది నిమిషాలు పట్టేది మొదట్లో. క్రిస్మస్ రోజున చర్చిలో ముందు వరసలో ఒకావిడ హుక్కులు తలకిందులుగా ఉన్నాయి, అది నా పని కాదు, ఆయన పని. ఆవిడ గమనించి కూడా ఒక్క మాట అనలేదు. ఆవిడకీ వందనాలు.

జనవరి ఒకటిన చీకటితోనే ఆడవాళ్ళందరం ప్రార్థన కొండ ఎక్కాం. 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జువెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం అయిదుగురే ఆ కొండ మీద నిలబడి ఈ ప్రాంతం కోసం ప్రార్థన చేశారు. చిన్నప్పటి నుంచి విన్న కథే. మా అమ్మమ్మ దాని తర్వాతి కథ చెప్పేది, ధాత కరువులో (1876-78 నాటి పెద్ద కరువు) ఇక్కడి మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇప్పించాడని, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని ఆ కరువులో బాప్తిస్మాలు ఆపేశాడని. తర్వాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇదివరకు ఆ అంకె చూసి గర్వపడేదాన్ని. ఈసారి కొండ మీద నిలబడి కింద ఊళ్ళో లైట్లు చూస్తుంటే, మట్టి తట్టలు మోసిన ఆ చేతులు గుర్తొచ్చాయి. మా ఆయన చేతుల్లాంటి చేతులు. ఈ ఆరు నెలల్లో మాకు అన్నం పెట్టినవాళ్ళలో ఒక్కరు కూడా ఇది తిని ఫలానాది చెయ్యి అనలేదు. (డబ్బా అడిగిన పెద్దమ్మ తప్ప!) ఆ రోజు పాటకి నా గొంతు లేచింది. పదమూడో కీర్తన చివరిదాకా వెళ్ళాను.

అంతా బాగైపోయిందని రాయను. ఆయన ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు, ఎత్తు మీద పని ఇక వద్దన్నారు డాక్టరుగారు, ఏం పని చూసుకోవాలో ఇంకా తేలలేదు. అప్పు అలాగే ఉంది. కొన్ని రోజులు పొద్దున్నే కళ్ళు తెరవగానే ఆ ఆగస్టు బరువంతా గుండె మీద కూర్చుంటుంది. లేచి ఎసరు పెడతాను, గుప్పెడు తీస్తాను, ఒక పేరు చెప్తాను, ఈలోపు చిన్నాడు పళ్ళు తోముకోకుండా ప్రార్థనకి వచ్చి కూర్చుంటాడు. వాడి ప్రార్థన రోజూ ఒకటే, "ప్రభువా, నాన్న కాలులో రాడ్డు తుప్పు పట్టకుండా కాపాడు". అది తుప్పు పట్టే ఇనుము కాదురా అని వాళ్ళక్క ఎన్నిసార్లు చెప్పినా మానడు. కళ్ళు మూసుకుని పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటాం అందరం. ఆమెన్ గట్టిగా చెప్తాం.

ఆటో భాయ్ డబ్బులు పోయిన శనివారం ఇచ్చేశాం. స్టాండుదాకా ఆయన నడుచుకుంటూ వెళ్ళే ఇచ్చారు. భాయ్ లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని మా ఇద్దరికీ టీ ఇప్పించాడు.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత మా ఇంటి దగ్గర కృతజ్ఞత కూటం, భోజనాలు అక్కడే. భయపడకండి, అన్నం ఒకే రకం బియ్యంతో వండిస్తున్నాం. ఇంకో మాట, మా ఇంట్లో మీవి చాలా ఉండిపోయాయి. మూడు క్యారేజీలు, ఒక పెద్ద సత్తు గిన్నె, రెండు స్టీలు డబ్బాలు. ఒక క్యారేజీ మీద పేరు కొట్టించి ఉంది గానీ తోమి తోమి "మ్మ" ఒక్కటే మిగిలింది. ఆ "మ్మ" ఎవరో వచ్చి తీసుకెళ్ళండి, మూత మాత్రం ఇంకెవరిదో పెట్టి ఉంది.