నా బొమ్మలు చూసి పెట్టిన వారందరికీ

బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో చిత్రకళ డిగ్రీకి నాకు సీటు వచ్చింది. ఇంట్లో వారికీ, మాస్టారికీ ఫోనులో చెప్పేశాను. మిగిలిన వారికి ఇక్కడే చెబుతున్నాను. ఎందుకంటే సాయం చేసిన వారిలో కొందరికి తాము సాయం చేసిన సంగతే తెలియదు.

పోర్ట్‌ఫోలియో అంటే ఏమిటని మా పెద్దమ్మ ఇప్పటికీ అడుగుతోంది. పెద్దమ్మా, ఈ కాలేజీల్లో ముందు బొమ్మ వేయించి పరీక్షిస్తారు. ఎదురుగా కుండో, కుర్చీయో, బట్టో పెట్టి గీయమంటారు, జ్ఞాపకం నుంచి ఒక దృశ్యం వేయమంటారు. తర్వాత లోపలికి పిలిచి, మనం ఇంటి నుంచి తెచ్చుకున్న బొమ్మల కట్ట విప్పించి చూస్తారు. ఆ కట్టే పోర్ట్‌ఫోలియో. పరీక్షలో ఆ పూట చేయి ఎలా నడిచిందో తెలుస్తుంది. కట్టలో ఇన్నాళ్లూ కన్ను ఏం చేసిందో తెలుస్తుంది.

మొదటి నమస్కారం మా డ్రాయింగ్ మాస్టారికి. ఉద్యోగ విరమణ చేసినా ఆయన ఇంటి అరుగు ఇంకా తరగతి గదే. నా బొమ్మలన్నీ అక్కడ పరిస్తే, మాట్లాడకుండా వంగి వంగి చూసి రెండు కుప్పలు చేశారు. పెద్ద కుప్పలో సినిమా హీరోలు, నెమళ్లు, సూర్యాస్తమయాలు. బంధువులందరూ మెచ్చుకున్నవన్నీ అందులోనే ఉన్నాయి. "ఇవి నువ్వు చూసినవి కావమ్మా, నీ ఫోను చూసినవి" అన్నారు. చిన్న కుప్పలో చింతపండు గింజలు తీస్తున్న అమ్మమ్మ, కాలువలో గేదెలు, ఆరేసిన చీరల కింద నిద్రపోతున్న కుక్క మిగిలాయి. మెచ్చుకునేవారు ఎక్కడైనా దొరుకుతారు. ఏది తీసేయాలో కూర్చోబెట్టి చెప్పేవారు దొరకడం నిజంగా అదృష్టం.

ఆ తర్వాత ఆయన నన్ను మా రాజమహేంద్రవరం కోటిపల్లి బస్టాండుకు తరిమారు. చేతిలో బాల్ పెన్ను, చవక నోటుపుస్తకం. రబ్బరు ఇంట్లో వదిలి వెళ్లాలని ఆజ్ఞ. బస్టాండులో మనుషులు మన కోసం ఆగరు. తల గీసి భుజం దాకా వచ్చేసరికి అమలాపురం బస్సు వస్తుంది, ఆ మనిషి లేచిపోతాడు. అలా సగం మనుషులతోనే పుస్తకాలు నిండాయి. ఆ పేజీలు చించబోతే మాస్టారు ఒప్పుకోలేదు. తీరా కాలేజీల్లో చూసినవారు రంగుల బొమ్మలను చకచకా తిప్పేసి ఎక్కువ సేపు ఆగింది ఈ సగం మనుషుల దగ్గరే. అక్కడ టీకొట్టు నడిపే అక్క రోజూ నీడలో చోటు ఇచ్చింది. జామకాయల తాతగారేమో నేను గీస్తున్నానని తెలియగానే ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయేవారు! ఇద్దరికీ కృతజ్ఞతలు.

మా ఊళ్లో చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన వారిలో కూడా లోపలికి వెళ్లనివారు చాలామంది. ఆయన 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. ఆ కుర్రవాడి గీతలు చూసి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలులో చదువుకునేలా పంపించినది ఇక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. రామారావు పోయాక ఆయన చిత్రాలను కాపాడుకొచ్చినది స్నేహితుడు వరదా వెంకటరత్నం. ఒకరు చూసి పంపకపోతే, మరొకరు దాచి ఉంచకపోతే నేను ఆ గోడల ముందు నిలబడి ఉండేదాన్ని కాదు. అక్కడి సిబ్బంది నన్ను ఎన్నిసార్లు వచ్చావని అడగలేదు, మూసే వేళ దాకా కూర్చోనిచ్చారు. దాని విలువ నాకు బరోడాలో తెలిసింది.

ఇక ఫొటో స్టూడియో బాబాయి. కాలేజీలు ముందుగా బొమ్మల ఫొటోలు అడుగుతాయి. ఫోనుతో తీస్తే పెన్సిలు నునుపు మీద వెలుతురు పడి తెల్లగా మెరిసింది, కాగితం అంచులు వంకర పోయాయి. బాబాయి లైట్లన్నీ ఆర్పి, బొమ్మలను స్టూడియో వెనుక వరండా నీడలో గోడకు తగిలించి, కెమెరాను సరిగ్గా బొమ్మ మధ్యకు ఎత్తి తీశారు. ప్రతి ఫొటోకు పేరు, మాధ్యమం, కొలతలు, సంవత్సరం నాతోనే రాయించారు. పెళ్లిళ్ల ముహూర్తాల మధ్య చేసిన పని ఇది. డబ్బు తీసుకోలేదు.

పెట్టె చేసి ఇచ్చినది బోర్డుల ఆర్టిస్టు మావయ్య. ఫ్లెక్సీలు రాకముందు మెయిన్ రోడ్డులో సగం దుకాణాల పేర్లు ఆయన చేతి రాతే. బొమ్మలు వేసే పెద్ద కాగితం, ఇంపీరియల్ షీటు, 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు. బజారులో దొరికే సంచుల్లో మడత పడకుండా పట్టదు. ఆయన పలచటి ప్లైవుడ్‌తో పెట్టె కట్టి, గుడ్డ పట్టీలు బిగించారు. బొగ్గుతో వేసిన బొమ్మలకు పొడి రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ కొట్టి, మధ్యలో బటర్ పేపర్ వేయడం కూడా ఆయన నేర్పిందే. రైల్లో ఆ పెట్టెను చూసి చాలామంది క్యారంబోర్డు అనుకున్నారు. విజయవాడలో నవజీవన్ ఎక్కినప్పుడు పై బెర్తులో నాకన్నా ముందు అదే పడుకుంది. నాన్న వార్ధా దాటేదాకా దాని పక్క నుంచి చేయి తీయలేదు.

హైదరాబాదు, శాంతినికేతన్, బరోడా మూడు చోట్లా ప్రయత్నించాను. శాంతినికేతన్ కళాభవన్‌లో నా వంతు వచ్చేలోగా శిల్పి రామ్‌కింకర్ బైజ్ చేసిన ‘సంతాల్ కుటుంబం’ ముందు కూర్చున్నాను. సంతాల్‌లు గిరిజనులు. 1938లో సిమెంటు, ఎర్ర కంకర కలిపి ఆరుబయట కట్టిన శిల్పం. తండ్రి కావడి బుట్టలో బిడ్డ, పక్కన తల్లి, వెంట కుక్క. మన ఊళ్లో కావళ్లు మోసినవారి నడకే అది. నేను గీస్తుంటే అక్కడి సీనియరు ఒకాయన ఆగి చూసి, "లోపలికి వెళ్లగానే ముందు ఈ పుస్తకం ఇవ్వు, పెద్ద బొమ్మలు తర్వాత" అని హిందీలో చెప్పి వెళ్లిపోయాడు. పేరు అడగలేదు. ఆ సలహాను అన్ని చోట్లా పాటించాను.

మూడింటిలో ఒక చోట నన్ను తీసుకోలేదు. వారికీ కృతజ్ఞతలే, ఇది మర్యాద కోసం రాస్తున్న మాట కాదు. అక్కడి మేడమ్ గారు ప్రతి బొమ్మనూ వెలుతురులోకి తిప్పి చూసి, "గీతకు ధైర్యం ఉంది, రంగుకు భయం ఉంది" అన్నారు. వెళ్లిరమ్మనేస్తే అయిపోయేది. ఆవిడ మాత్రం ఒకే రంగును నీళ్లతో పలచన చేస్తూ ముదురు నుంచి లేత దాకా ఎలా సాధన చేయాలో కాగితం వెనుక వేసి చూపించారు. కోచింగుల్లో నేర్పే ఒకే రకం కుండ, ఒకే రకం నీడ చూసీ చూసీ విసిగిన కళ్లకు అంత ఓపిక ఎక్కడిదో!

బరోడాలో శ్రీకాకుళం అక్క ఒకరు తన గదిలో చోటిచ్చి, పప్పు వండి పెట్టింది. మన చిత్రకారులు లక్ష్మా గౌడ్, తోట వైకుంఠం ఇద్దరూ కె.జి. సుబ్రమణ్యన్ అనే గురువు దగ్గర చదువుకున్న చోటే ఇదని చెప్పి, పరీక్ష ముందు రోజు ఆవరణంతా తిప్పింది. లోపల నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "పుస్తకంలో, ఫోనులో కాకుండా ఎవరి బొమ్మలు స్వయంగా చూశావు?" దామెర్ల పేరు చెప్పాను. ఏ బొమ్మ ముందు ఎక్కువ సేపు నిలబడ్డావు, ఎందుకు, మనిషి ఒంటి చుట్టూ గీత ఎలా తిరిగింది అంటూ వరసగా అడిగారు. వచ్చీరాని హిందీలో, మాట తోచనప్పుడు చేత్తో గాలిలో గీసి చెప్పాను. వారు నవ్వి, కాగితం ముందుకు జరిపారు.

అమ్మకు ఇక్కడ కృతజ్ఞతలు రాస్తే నవ్వుతుంది, అందుకని రాయను. రంగుల కోసం చీటీ పాట ముందే పాడుకున్న సంగతి మాత్రం నాకు తెలుసమ్మా.

జూన్ ఆఖరు దాకా ఊళ్లోనే ఉంటాను. వచ్చే ఏడాది ఇలాంటి కాలేజీలకు వెళ్లాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆదివారం సాయంత్రాలు మాస్టారి అరుగు మీదికి రావచ్చు, పెట్టె కొలతలూ ఇస్తాను. మీ నోటుపుస్తకాలు తెచ్చుకోండి. హీరోల బొమ్మలు వద్దని మాస్టారు ముందే చెప్పమన్నారు.