చల్లగా ఉన్నప్పుడే చూద్దాం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం, అందులో పెట్టిన నాలుగు ఫోటోలూ అందాయి. ఫోటోల్లో ఇంజన్ కన్నా దాని పక్కన నిలబడి నవ్వుతున్న నీ మొహమే పెద్దగా పడింది. ఆ నవ్వు చూడగానే నాకు టెన్షన్ మొదలైంది. కొనేవాడు అలా నవ్వుతుంటే అమ్మేవాడు బేరానికి దిగుతాడట్రా?

"పాత లిస్టర్ డీజిల్, గడియారంలా నడుస్తుంది, ఇల్లంతటికీ కరెంటు ఇస్తుంది" అన్నాడని రాశావు. ఒక్క మాటలో మూడు సంగతులు చెప్పేశాడు. నువ్వు మూడూ కలిపి మింగేశావు.

ముందు అది డీజిలేనా? నవ్వకు. రెండు ఫ్లైవీళ్లు, అంటే ఆ పెద్ద బరువు చక్రాలు, పక్కన నీళ్ల తొట్టి కనబడితే చాలు, ప్రతి పాత ఇంజన్నీ డీజిల్ అనేస్తారు. హెడ్ మీద, అంటే సిలిండర్ మూత మీద, స్పార్క్ ప్లగ్గు, పక్కన దానికి కరెంటిచ్చే మాగ్నెటో ఉంటే అది పెట్రోలుదో కిరోసిన్‌దో. లిస్టర్ కంపెనీ వాళ్లదే 'డి' అని ఒకటుంది, నిమిషానికి 700 చుట్ల మీద ఒకటిన్నర హార్స్‌పవర్ ఇచ్చే బుజ్జి పెట్రోల్ ఇంజన్. పేరు చూసి దాన్నే డీజిల్ అనుకుని తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. స్టార్ట్ చేసేముందు హెడ్డుని మంట పెట్టి ఎర్రగా కాల్చాలంటే అది హాట్ బల్బ్ రకం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ కరెంటు పోయిన రాత్రి దాని ముందు బ్లోలాంప్ పట్టుకుని కూర్చోవడం నీ వల్ల కాదు. అసలు డీజిల్ అయితే డీజిల్ పంపు నుంచి, దాన్ని సిలిండర్లోకి చిమ్మే ఇంజెక్టర్ దాకా, మందపాటి గోడలున్న సన్న ఉక్కు గొట్టం ఒకటి వెళ్లాలి. నీ రెండో ఫోటోలో అది కనబడుతోంది. ఆ మేరకు నీ అదృష్టం.

ఇక ఇంజన్ పేరు ప్లేటు. మూడో ఫోటోలో దాని మీద కూడా రంగు కొట్టేశాడు, మహానుభావుడు. వైర్ బ్రష్షుతో రుద్దొద్దు, అక్షరాలు అరిగిపోతాయి. రంగు తీసే మందు కొద్దిగా గుడ్డకి పెట్టి ఓపిగ్గా తుడువు. 5/1 అనో 6/1 అనో ఉంటుంది. మొదటి అంకె హార్స్‌పవర్, రెండోది సిలిండర్ల లెక్క. 5/1 నిమిషానికి 600 చుట్లు, 6/1 650 చుట్లు. నీది 6/1 అనుకుందాం: బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 114.3 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 139.7, అంటే దాదాపు 1.43 లీటర్లు. కారైతే అంత సిలిండర్లో పదింతల శక్తి తీస్తారు. దీన్ని అంత నింపాదిగా నడిపిస్తారు కాబట్టే ఇన్నేళ్లు బతికింది.

ఇంగ్లండులో డర్‌స్లీ అనే ఊళ్లో లిస్టర్ వాళ్లు 1930 ప్రాంతంలో ఈ సీఎస్ రకం మొదలుపెట్టారు. సీఎస్ అంటే కోల్డ్ స్టార్ట్, వేడి చేయకుండానే అందుకుంటుందని. పాతవాటికి హెడ్డు పక్కన చిన్న చేతిచక్రం ఉంటుంది. దాన్ని లోపలికి బిగిస్తే లోపలి గది ఒకటి మూసుకుని కంప్రెషన్, అంటే గాలి నొక్కుడు, పెరుగుతుంది, అప్పుడు స్టార్ట్ చేసి, లోడు పెరిగాక వదులు చేస్తారు. ఆ చక్రం తిరుగుతోందో లేదో చూడు. మసి పట్టి బిగుసుకుపోవడం మామూలే. అసలు చక్రమే లేకపోతే అది రాజ్‌కోట్‌లో పోసిన నకలు కావచ్చు. నకలైతే మొహం ముడుచుకోకు. కొలతలు చాలావరకు అవే, కొత్త పిస్టన్ రింగులూ, సిలిండర్ లోపలి తొడుగు లైనరూ దొరకడం దానికే తేలిక. ఒక్కటే పేచీ, పోత పోసినప్పటి ఇసుక కొన్నిటి క్రాంక్‌కేసులో, అంటే అడుగున ఆయిలుండే పెట్టెలో, అలాగే ఉండిపోతుంది. ఈ ఇంజన్‌కి కారులోలా ఆయిల్ ఫిల్టర్ ఉండదు, కనెక్టింగ్ రాడ్డు కింద తెడ్డులాంటి ముక్క తిరుగుతూ ఆయిలుని చిమ్ముతుంది. ఇసుక ఉంటే దాన్ని కూడా చిమ్ముతుంది! క్రాంక్‌కేసు తలుపు విప్పి అడుగున వేలితో తుడిచి రెండు వేళ్ల మధ్య నలిపి చూడు. గరగరమంటే అంతా విప్పి కడగాల్సిందే.

ఇప్పుడు గడియారం సంగతి. నా మొదటి ఇంజన్ కథ నీకు సగమే చెప్పాను, సిగ్గేసి. నేను వెళ్లేసరికే అది డుగ్ డుగ్ మంటూ నడుస్తోంది. ఆ చప్పుడుకే పడిపోయాను. పొగ లేదు, ఊపు లేదు. తొట్టిలో నీళ్లు ముట్టుకుంటే చురుక్కుమంది. అప్పుడైనా నాకు వెలగాలి కదా, వెలగలేదు. తెచ్చి బిగించాను. మర్నాడు పొద్దున్న ఇద్దరం మార్చి మార్చి హ్యాండిల్ తిప్పాం, భుజాలు పడిపోయాయి గానీ అది తుమ్మను కూడా తుమ్మలేదు. విప్పితే రింగులు గాడుల్లో అతుక్కుపోయి ఉన్నాయి, లైనర్ పైభాగంలో గోరు తగిలేంత మెట్టు. అమ్మినవాడు నేను రాకముందు ఎంతసేపు కుస్తీ పట్టాడో! వేడెక్కాక అరిగిన ఇంజన్ కూడా బుద్ధిగా నడుస్తుంది. అందుకే వెళ్లగానే నమస్కారం కన్నా ముందు సిలిండర్ మీద చెయ్యి వెయ్యి. వెచ్చగా ఉంటే "రేపొస్తాను" అని చెప్పి వచ్చెయ్.

చల్లగా ఉందనుకో. డీజిల్ ఆపేసి, వాల్వ్ ఎత్తే లివర్ వదిలేసి, నడిచే దిక్కులోనే ఫ్లైవీల్‌ని మెల్లగా తిప్పు. కంప్రెషన్ దగ్గర స్ప్రింగులా వెనక్కి తన్నాలి. బరువు మోపి ఉంచితే గాలి మెల్లగా జారాలి, పంక్చర్ ట్యూబులా బుస్సుమనకూడదు. ఆ బుస్సు ఎక్కడినుంచో చెవి పెట్టి విను. గాలి పీల్చే గొట్టంలోనో సైలెన్సర్‌లోనో అయితే వాల్వులు, గ్రైండింగ్ చేసుకుంటే సరిపోవచ్చు. క్రాంక్‌కేసులోంచి అయితే రింగులూ లైనరూ, అది పెద్ద పని. అదయ్యాక డీజిల్ తెరిచి తిప్పితే ఇంజెక్టర్ దగ్గర కిర్రుమని ఒక చప్పుడు రావాలి. ఆ కిర్రు వినబడితే పంపూ ఇంజెక్టరూ బతికున్నట్టే.

తర్వాత ఒక గునపం ఫ్లైవీల్ కింద పెట్టి పైకి లేపి చూడు. టక్కుమని కదిలితే బేరింగులు పోయాయి. నడుస్తున్నప్పుడు ఫ్లైవీల్ అంచు అటూ ఇటూ ఊగుతుంటే దాన్ని షాఫ్టుకి బిగించే తాళం (కీ) వదులైందో, షాఫ్టే వంగిందో. నీళ్లు ఎప్పుడైనా లోపల గడ్డకట్టి ఉంటే సిలిండర్ గోడ చీలుతుంది, ఆ చీలికని దాచడానికే చాలామంది పెయింటు కొడతారు. ఆయిలు మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు కలుస్తున్నాయన్నమాట.

స్టార్ట్ చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచు, చుట్టూ తిప్పకు. వెనక్కి తంతే మణికట్టు విరుగుతుంది. అందుకున్నాక మొదట కాస్త తెల్లపొగ వస్తే పర్లేదు, వేడెక్కినా తగ్గకపోతే కంప్రెషన్ చాలట్లేదు. నీలంపొగ అంటే ఆయిలు తాగుతోంది. నల్లపొగ లోడు పెట్టినప్పుడు విపరీతంగా వస్తేనే ఆలోచించు. ఖాళీగా నడిపి చూపిస్తే ఒప్పుకోకు, ఏదో ఒక లోడు పెట్టమను. వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ పని తెలిసేది అప్పుడే.

మూడోది, ఇల్లంతటికీ కరెంటు. 6 హార్స్‌పవర్ అంటే లెక్క ప్రకారం 4.5 కిలోవాట్లు. బెల్టులోనూ, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్లోనూ పోయేది పోగా చేతికొచ్చేది 3, మహా అయితే మూడున్నర. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. గీజరూ మోటారూ కలిపి వేస్తే ఇంజన్ మూలుగుతుంది, నువ్వు నన్ను తిడతావు. 50 హెర్ట్జ్ కోసం నాలుగు పోల్స్ ఆల్టర్నేటర్‌ని 1500 చుట్లు తిప్పాలి కాబట్టి 650కి 2.3 రెట్లు కావాలి. ఫ్లైవీల్ వ్యాసం 24 అంగుళాలుండి దాని అంచు మీదే బెల్టు వేస్తే ఆల్టర్నేటర్ పుల్లీ పదిన్నర అంగుళాల దగ్గర పడుతుంది. ఇంకో సంగతి: 650 చుట్ల మీద సిలిండర్ సెకనుకి ఐదుసార్లకి కాస్త ఎక్కువ పేలుతుంది, ఆ దడ బల్బులో కంటికి తెలుస్తుంది. అందుకే లిస్టర్ వాళ్లు కరెంటు సెట్లకి బరువైన ఫ్లైవీళ్లు వేసేవాళ్లు. నీ ఫోటోలోవి బండి చక్రంలా ఆకులున్న తేలిక చక్రాలు. పంపు తిప్పిన ఇంజన్ అయ్యుంటుంది. నాకైతే ఆ దడ అలవాటైపోయింది, మా ఆవిడకి మాత్రం ఇప్పటికీ చిరాకే.

వైరింగ్ దగ్గర మాత్రం సొంత తెలివి వద్దు. బయటి లైనునీ ఇంజన్ కరెంటునీ కలవనివ్వని చేంజోవర్ స్విచ్ పెట్టించు. ఊరికే ప్లగ్గులోకి కరెంటు తోస్తే అది బయటి లైన్లోకి పోయి స్తంభం మీదున్న మనిషిని చంపుతుంది. పొగగొట్టం కూడా బయటికే, కిటికీలకి దూరంగా.

మొత్తం మూడు వందల కిలోల పైమాటే. ఫ్లైవీళ్ల తాళాలు ఊడదీయడం ఒక రోజు పని. ఇంజన్‌ని ఎత్తడానికి గొలుసూ కప్పీ నా దగ్గరే ఉన్నాయి, హ్యాండిల్ కూడా ఒకటి స్పేర్ ఉంది. అతని దగ్గర హ్యాండిల్ ఉందో లేదో అడిగావా అసలు? లేకపోతే గడియారంలా ఎలా నడిపాడో కూడా అడుగు.

ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం పొద్దున్నే నీ దగ్గరికొస్తాను, కలిసి వెళ్దాం. మనం వస్తున్నట్టు మాత్రం అతనికి ముందుగా చెప్పకు. నువ్వు కాస్త నవ్వకుండా ఉండటం ప్రాక్టీస్ చెయ్.

నీ
బావ