అన్నిటికీ ‘ప్రారంభించారు’ ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారం.

వంతెనను మంత్రిగారు ప్రారంభించారని రాస్తే అభ్యంతరం లేదు. వాన కురవడం ప్రారంభించిందనీ, పసివాడు ఏడవడం ప్రారంభించాడనీ అచ్చులో చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. తెలుగులో వాన పట్టుకుంటుంది, పసివాడు ఏడుపు అందుకుంటాడు, జనం పరుగు లంకించుకుంటారు, నిప్పు రాజుకుంటుంది. ఇంగ్లీషు వార్తలను హడావుడిగా దించుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇదని నా అనుమానం. ఉన్నత పాఠశాలలో తెలుగు పాఠం చెప్పినదాన్ని. పిల్లలు వాక్యం పోకడను పత్రిక చూసే పట్టుకుంటారని ఎరుగుదును.

మొన్న మీ జిల్లా పేజీలో ‘వృద్ధురాలు బస్సు ఎక్కడం ప్రారంభించగా జారిపడింది’ అని వచ్చింది. ఆమె కాలు మెట్టు మీద ఉందా, నేల మీదే ఉందా? ‘ఎక్కబోయి జారిపడింది’ అంటే పూనుకుంది గానీ ఎక్కలేదు. ‘ఎక్కుతూ జారిపడింది’ అంటే కాలు మెట్టు మీద పడింది. బస్సు ఎప్పుడు కదిలిందని ఆరా తీసేవారికి ఈ తేడాయే ప్రాణం. పోనీ ‘ఎక్కసాగింది’ అందామంటే ఒక్క మనిషికి అది పొసగదు. సాగడానికి కాస్త వ్యవధి కావాలి. ప్రయాణికులు ఒక్కొక్కరే ఎక్కసాగారు అంటే సరే. టపాసులు పేలసాగాయి అనవచ్చు, బల్బు పేలసాగింది అనలేం.

పని మొదలైందనడానికి పాత కావ్యాల్లో ‘చేయఁదొడఁగె’, ‘చెప్పఁజొచ్చె’ అని కూడా ఉండేవి. తొడగు, చొచ్చు ఈ పనిలోంచి తప్పుకున్నాయి. ‘బోవు’ మాత్రం నిలిచింది. అది నిజానికి ‘పోవు’. ‘ఎక్కన్’ చివరి నకారం వల్ల పకారం బకారమైంది; ఆ నకారాన్నే వ్యాకరణంలో ద్రుతం అంటారు. ద్రుతం మాటైనా వినని వాళ్లు కూడా ‘వెళ్ళబోతున్నాను’ అని తప్పులేకుండా అంటారు. నోట ఇంత చక్కగా నిలిచినది అచ్చులోకి వచ్చేసరికి ఎందుకు జారిపోవాలి?

విలేకరి ‘–డం ప్రారంభించారు’ అని పంపిన ప్రతిచోటా డెస్కులో ఒక్క క్షణం ఆగి, పని మొదలై సాగిందా, మొదలుకాబోయి ఆగిందా అని అడిగి దిద్దించండి. కొత్త విలేకరుల శిక్షణలో ఒక్క పూట దీనికి కేటాయించండి.

– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, తెనాలి