ఏడుపు ఆపకపోతే ఏం చేస్తావని అడిగావా?

చిట్టితల్లీ,

నీ గొంతు విని పన్నెండు రోజులైంది. పిల్ల ఫొటోలు వస్తున్నాయి, నీ మాట మాత్రం రావడం లేదు. రాత్రుళ్లు నిద్ర చాలక ఉంటావులే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. ఇక్కడ అంతా మామూలే. మీ నాన్నకు కళ్లద్దాలు మార్చారు. కొత్తవి పెట్టుకున్నా పేపరు ఇంకా చేతులు చాచే చదువుతున్నారు. ఆదివారం అన్నయ్య వచ్చి మెట్ల దగ్గర లైటు బాగుచేసి వెళ్లాడు. నేను బీరువా పై అర సర్దాను. నీ చిన్నప్పటి గౌన్లు రెండు దొరికాయి, ఉతికి ఆరేశాను.

మొన్న మీ చిన్నత్త ఫోన్ చేసింది. మాటల మధ్యలో, "పిల్లను చూసుకోవడానికి మనిషి దొరికిందట కదా వదినా, ఒక్క సాయంత్రంలో మాట్లాడేసుకున్నారట, సోమవారం నుంచి వస్తుందట" అంది. నాకు తెలిసినట్టే "అవును" అన్నాను. నాతో చెప్పలేదని నాకేం కోపం లేదు. నీ ఇల్లు, నీ పిల్ల. పిల్లను వదిలి ఆఫీసుకు వెళ్తున్నావని ఎవరైనా అంటే పట్టించుకోకు, నేనూ వెళ్లాను. కానీ ఒక్క సాయంత్రం అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. అప్పటి నుంచి ఏ పని చేస్తున్నా అదే గుర్తొస్తోంది.

అల్లుడికి ఆ నడుము నొప్పి తగ్గిందా? పిల్లను ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి ఎత్తమను.

నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పని సంగతి ఒకటుంది. నిన్ను చూసుకున్న అక్కమ్మ రాకముందు మనింట్లో అదే పనికి ఇంకొక ఆవిడ మూడు వారాలు ఉంది. నీకు పదకొండు నెలలు. నా సెలవు అయిపోవడానికి ఎనిమిది రోజులుంది. అప్పటికి ఇద్దరు వచ్చి వెళ్లారు. ఒకావిడకు వేళలు కుదరలేదు, ఇంకొకావిడ మళ్లీ కబురు చెయ్యలేదు. ఆ తర్వాత ఈవిడ వచ్చింది. శుభ్రంగా ఉంది, మెల్లగా మాట్లాడింది. కొత్తముఖం కనిపిస్తే చాలు గుక్కపెట్టే నువ్వు, ఆవిడ చేతులు చాచగానే వెళ్లిపోయావు. నాకు అంతకన్నా ఏం కావాలనిపించింది. ఎన్నాళ్లుగా చేస్తున్నావు, ఎక్కడుంటావు, ఎంత ఇవ్వాలి, ఈ మూడే అడిగాను. ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

ఆవిడ అంతకుముందు పనిచేసిన ఇంటికి ఫోన్ చేశాను, చెయ్యకపోలేదు. ఆ ఇంటావిడ, "మనిషి మంచిదేనండీ, ఆవిడ దగ్గర పిల్లలు అసలు ఏడవరు" అంది. మరి ఎందుకు మానేసిందని అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా అత్తగారు వచ్చేశారండీ" అంది. ఆ కాసేపూ నాకు వినపడింది తల్లీ, విననట్టు ఊరుకున్నాను. మళ్లీ అడిగితే ఏం చెబుతుందోనని భయం. ఈవిడ కాదంటే ఇంకెవరూ దొరకరేమోనని అంతకన్నా పెద్ద భయం.

రెండు వారాలు హాయిగా గడిచాయి. నేను ఇంటికొచ్చేసరికి నువ్వు నిద్రపోతుండేదానివి. లేపినా మత్తుగా చూసేదానివి, తల వాల్చేసేదానివి. రాత్రి మాత్రం రెండింటి దాకా మేలుకునే ఉండేదానివి. పిల్ల ఎంత నెమ్మదిగా ఉందో అని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను. మూడో వారంలో అన్నయ్యకు మళ్లీ దగ్గు పట్టుకుంటే, వాడి కోసం కొన్న మందు సీసా తీశాను. వాడికి నేను పోసింది నాలుగు చెంచాలు ఉంటుందేమో, సీసా సగం ఖాళీగా ఉంది. ఒలికిందేమో అనుకున్నాను. అనుకున్నా మనసొప్పక, ఆ రాత్రి సీసా మీది కాగితంపై పెన్సిలుతో చిన్న గీత గీశాను. మర్నాడు సాయంత్రం చూస్తే మందు ఆ గీత కిందికి దిగిపోయింది.

అడిగితే ఆవిడ దాచలేదు. "మీరు అలిసిపోయి వస్తారు కదమ్మా, వచ్చేసరికి పిల్ల ఏడుస్తూ ఉంటే బాధపడతారని, మధ్యాహ్నం ఒక్క మూతే పోసేదాన్ని. ఆ ఇంట్లో కూడా అలాగే చేశాను" అంది. తనేదో మంచి పని చేసినట్టే చెప్పింది. నాకు కాళ్లు వణికాయి. అప్పటికప్పుడు నిన్ను భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన అరగంట పరీక్ష చేసి, ప్రమాదం లేదన్నారు. మగతనిచ్చే ఆ రకం మందులతో పసిపిల్లలకు ఊపిరి మందగించే ప్రమాదం ఉంటుందనీ, ఇక ఒక్క చుక్క కూడా లోపలికి వెళ్లకూడదనీ చెప్పారు. రెండేళ్లలోపు పిల్లలకు దుకాణంలో కొనే దగ్గు జలుబు మందులు ఇవ్వొద్దని అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ 2008లో హెచ్చరిక ఇచ్చినప్పుడు, ఆ వార్త కత్తిరించి డైరీలో పెట్టుకున్నాను. అప్పటికి నువ్వు స్కూలుకు వెళ్తున్నావు. అయినా ఆ రోజు చాలాసేపు ఏడ్చాను.

ఆవిడ చెడ్డది కాదు. నిన్ను ముద్దు చేసేది, నీ బట్టలు నాకన్నా శుభ్రంగా మడతపెట్టేది. నాకు ఇప్పటికీ భయం వేసేది అందుకే. ముఖం చూసి, మాట చూసి, పిల్ల చేతుల్లోకి వెళ్లిందా లేదా చూసి మనిషిని ఎంచుకోవచ్చని నేను అనుకున్నాను. పిల్ల ఏడుపు ఆపకపోతే ఏం చేస్తావని ఒక్క మాట అడిగుంటే, ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేసేదేమో. నేను అడగలేదు.

అందుకే అక్కమ్మ వచ్చినప్పుడు జీతం మాట ఎత్తకముందే అదే అడిగాను. "ఎత్తుకుని తిప్పుతానమ్మా" అంది. "అప్పటికీ ఆపకపోతే?" అన్నాను. "ఏడుస్తుంది. పిల్ల కదమ్మా" అంది. "నీకు విసుగు రాదా?" అంటే కాసేపు ఆలోచించి, "వస్తుంది. ఒకసారి చాలా కోపం వచ్చింది. పిల్లాణ్ణి ఉయ్యాల్లో పడుకోబెట్టి, బయటికొచ్చి ముఖం కడుక్కుని మళ్లీ వెళ్లాను" అంది. తనకు కోపం వచ్చిందని నాతో చెప్పిన మొదటి మనిషి ఆమె. ఆ తర్వాత ఆమే నన్ను అడగడం మొదలుపెట్టింది. పిల్ల ఏ వేళకు పడుకుంటుంది, దేనికి భయపడుతుంది, మీ ఆఫీసు ఫోన్ నంబరు ఏది, మీరు దొరక్కపోతే ఎవరికి చెప్పాలి అని. ఇంక నాకు ముఖం చూడాల్సిన పని లేకపోయింది. తొమ్మిదేళ్లు మనతో ఉంది.

నువ్వు మాట్లాడిన అమ్మాయి నిన్నేమైనా అడిగిందా? లేక నువ్వు చెప్పినదానికల్లా సరే సరే అందా?

పాత ఇంటివాళ్లతో మాట్లాడావా? మెసేజి కాదు, ఫోన్ చెయ్యి. మెసేజిలో ఎవరైనా మంచిదే అని రాస్తారు, తడబాటు వినపడదు. ముందు వాళ్ల పిల్లకు అప్పుడు ఎన్ని నెలలు, ఈ అమ్మాయి ఎన్నాళ్లు చేసింది, ఏ వేళల్లో చేసింది అని అడుగు. అమ్మాయి నీతో చెప్పిన లెక్కకూ దానికీ పొంతన కుదరాలి. తెలిసినవాళ్లెవరినో మాట్లాడమని నంబరు ఇచ్చి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. తర్వాత, "మళ్లీ అవసరమొస్తే ఈ అమ్మాయినే పెట్టుకుంటారా?" అని అడిగి నువ్వు ఊరుకో. వాళ్లు ఆగితే ఆ ఖాళీని నువ్వు పూరించకు. నేను చేసిన పొరపాటు అదే. కనీసం ఇద్దరితో మాట్లాడు. గుర్తింపు కార్డు చూడు, కాపీ ఉంచుకో, పోలీసు రికార్డు పరిశీలన చేయించడం కుదిరితే చేయించు. అందులో ఏమీ లేదని తేలితే ఇంతవరకు ఎక్కడా పట్టుబడలేదని మాత్రమే అర్థం. దాన్ని పట్టుకుని ఫోన్లు మానేయకు.

ఇరవై ఏళ్ల అనుభవం ఉందట కదా, చిన్నత్త అదే గొప్పగా చెప్పింది. ఆ అనుభవం ఎలాంటిదో కూడా అడగాలి. మా రోజుల్లో పిల్లలు బాగా నిద్రపోతారని బోర్లా పడుకోబెట్టేవాళ్లం, నిన్నూ అలాగే పడుకోబెట్టాను. 1994లో అమెరికాలో పసిపిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని పెద్ద ప్రచారం మొదలైంది. ఆ తర్వాత పదేళ్లు తిరిగేసరికి నిద్రలోనే ఉన్నట్టుండి చనిపోయే పిల్లల సంఖ్య అక్కడ సుమారు సగానికి తగ్గింది. ఈ సంగతి తెలియకుండా ఇరవై ఏళ్లు పిల్లల్ని పెంచినవాళ్లు కూడా ఉంటారు. "పిల్లను ఎలా పడుకోబెడతావు?" అని అడిగి, నీ ఎదురుగా చేసి చూపించమను. గట్టి పరుపు, వెల్లకిలా, దిండు వద్దు, బొమ్మలు వద్దు, వదులు దుప్పటి వద్దు. వాదిస్తే గమనించు. తప్పు చెయ్యడం ఒక సంగతి, చెప్పినా మారననడం ఇంకొకటి.

గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేస్తావని అడుగు. వేలు పెట్టి తీస్తానంటే ఆమెకు తెలియదన్నమాట. కనపడని వస్తువు కోసం వేలు పెడితే అది ఇంకా లోపలికి పోతుంది. ఏడాదిలోపు పిల్లను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద 5 దెబ్బలు, తిప్పి రొమ్ము ఎముక మీద 5 నొక్కులు, అడ్డం బయటికొచ్చేదాకా ఇలా మార్చి మార్చి చెయ్యాలి. మీరిద్దరూ ఆ అమ్మాయీ కలిసి ఒక పూట శిక్షణకు వెళ్లండి, కాగితం మీద చదివితే చేతికి రాదు. తేనె ఏడాది నిండేదాకా నాకించకూడదు, ఆరు నెలలు నిండేదాకా నీళ్లు పట్టకూడదు. ప్రేమతోనే ఈ రెండూ చేసేస్తారు, ముందే చెప్పు. మందుల పెట్టెకు తాళం వెయ్యి. జ్వరం మందు కూడా పిల్ల బరువును బట్టే ఇస్తారు కాబట్టి నీకు ఫోన్ చెయ్యకుండా ఒక్క చుక్క కూడా పొయ్యకూడదు. ఇది రాసి గోడకు అంటించు.

ఇదంతా పాఠంలా అయిపోయింది. నీకు తెలియనివని కాదు. నేను ఎదురుగా ఉంటే ఇందులో సగం పనులు మాట్లాడకుండా చేసేసేదాన్ని.

సోమవారం అన్నది ఒక వారం జరపలేవా? ఆఫీసులో అడిగి చూడు. జరపలేకపోతే ఈ నాలుగు రోజులూ ఆ అమ్మాయిని పిలిపించుకో. మొదటి రోజు నువ్వు పక్కనే ఉండు. రెండో రోజు పక్క గదిలో ఉండు. మూడో రోజు గంటసేపు బయటికెళ్లి చెప్పిన వేళకన్నా ముందే వచ్చెయ్యి. వాటికి కూడా పూర్తి జీతం ఇవ్వు. పిల్ల ముఖం ఎంత చూస్తావో ఆమె చేతుల్ని కూడా అంత చూడు. వచ్చీరాగానే చేతులు కడుక్కుందా, పక్కబట్ట మారుస్తూ పిల్లను మంచం అంచున ఒంటరిగా వదిలిందా, ఫోన్ మోగితే ముందు ఎటు చూసింది. ఐదు నెలల పిల్ల ఎప్పుడు దొర్లుతుందో ఎవరికీ తెలియదు. కెమెరా పెడితే పెట్టావని చెప్పు. దాచి పెట్టి తర్వాత ఆమె కనిపెడితే, ఆమె నీకు నిజం చెప్పడం మానేస్తుంది. నీకు కావాల్సింది ఆ నిజమే.

వేళలు, సెలవులు, ఆలస్యమైతే ఎంత, ఒంట్లో బాగాలేకపోతే ఏం చెయ్యాలి, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. జ్వరంతో వస్తే జీతం కోస్తారన్న భయం ఉంటే జ్వరంతోనే వస్తుంది, పిల్లను ఎత్తుకుంటుంది. ఇంకొక్క మాట ఆమెకు నీ నోటితో చెప్పు, అల్లుడి చేత కాదు. "నేను వచ్చేసరికి పిల్ల ఏడుస్తున్నా నేనేమీ అనుకోను. నీకు చేతకాకపోతే ఉయ్యాల్లో పడుకోబెట్టి నాకు ఫోన్ చెయ్యి, ఎన్నిసార్లయినా ఫర్వాలేదు" అని. ఏడుపు ఆగక, విసిగి, పిల్లను పట్టి ఊపేస్తేనే మెదడు దెబ్బతింటుంది. ఐదు నిమిషాలు ఏడుస్తూ పడుకుంటే ఏమీ కాదు. నేను ఆ మొదటావిడకు ఈ మాట చెప్పి ఉంటే ఆమె ఆ సీసా జోలికి వెళ్లేది కాదేమో.

మీ నాన్న ఏం రాస్తున్నావు ఇంతసేపు అని రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు. దాని సంసారం దాన్ని చూసుకోనివ్వు అంటున్నారు. నిన్న రాత్రి మాత్రం ఆయనే, "పాత ఇంటివాళ్లతో మాట్లాడిందో లేదో కనుక్కో" అన్నారు.

ఆ గౌన్లతో పాటు నేను అల్లిన చిన్న దుప్పటి కూడా పంపుతున్నాను. పడుకోబెట్టినప్పుడు కప్పకు, ఎత్తుకుని తిప్పేటప్పుడు మాత్రమే వాడు. ఆ అమ్మాయికీ చెప్పు. చూడగానే ముచ్చటపడి ఉయ్యాల్లో పరిచేస్తుంది.

సోమవారం మధ్యాహ్నం నేను ఫోన్ పక్కనే ఉంటాను. నువ్వు చెయ్యకపోతే నేనే చేస్తాను, విసుక్కోకు.

మీ అమ్మ