బ్యాటరీ నుంచి డిక్కీ దాకా

ఒరే మావా,

నీ ఉత్తరం నిన్న అందింది. కారులో పెట్టుకునే ఫ్రిజ్ డబ్బా కొన్నావని చదివి ఎంత సంతోషించానో. ఇన్సులిన్ మొదలుపెట్టాక అమ్మ పెళ్లిళ్లకి కూడా రావడం మానేసిందని నువ్వు రాసినప్పటి నుంచీ మనసులో అదే మెదులుతోంది. సీలు విప్పని ఇన్సులిన్ పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి కదా. మే నెలలో మీ విజయవాడ ఎండకి ఆపిన కారు లోపల 50 డిగ్రీలు దాటుతుంది. ఐసు ప్యాకులు పెట్టుకుపోతే సగం దారిలో కరిగిపోతాయి, లేదంటే వాటికి ఆనుకున్న ఇన్సులిన్ గడ్డకట్టి పాడవుతుంది. కంప్రెసర్ ఉన్న డబ్బా తీసుకుని సరైన పని చేశావు.

అయితే దానికి కరెంటు ఎలా ఇవ్వాలో ఆ వైరింగ్ అతను చెప్పాడని రాశావే, అది మాత్రం చేయించొద్దు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 1.5 స్క్వేర్ ఎమ్ఎమ్ వైరు లాగి, ఫ్యూజు డిక్కీలో ఫ్రిజ్ పక్కన పెడతానన్నాడు. ఫ్యూజు కళ్లెదురుగా ఉంటే మార్చుకోవడం తేలికన్నాడు. ఈ ఒక్క విషయంలో నా మాట వినరా. బ్యాటరీ దగ్గరుండే ఫ్యూజు కాపాడాల్సింది వైరుని. డిక్కీలో ఫ్యూజు పెడితే, బానెట్ కింద నుంచి డిక్కీ దాకా ఉన్న ఐదు మీటర్ల వైరుకి ఏ కాపలా ఉండదు. కారు బాడీ మొత్తం ఎర్త్ కదా, అంటే బ్యాటరీ నెగటివ్‌కి కలిసే ఉంటుంది. ఆ ఐదు మీటర్లలో ఎక్కడ ఒరుసుకుని లోపలి రాగి తీగ కారు రేకుకి తగిలినా షార్టే. సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టర్ మోటారు 100 ఆంపియర్లకి పైనే లాగుతుంది, ఆ చిన్న బ్యాటరీ అంతా ఇస్తోంది. షార్టయితే ఇంకా ఎక్కువిస్తుంది, ఆపేవాడు ఉండడు. వైరు పొయ్యి మీద పెట్టిన కడ్డీలా ఎర్రబడుతుంది, పైన ప్లాస్టిక్ కాలుతుంది, దాని పక్కనే కార్పెట్. డిక్కీలో ఫ్యూజు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది, ఎందుకంటే ఆ కరెంటు దాని దాకా రానే రాదు. అందుకే ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలో ఫ్యూజు ఉండాలి. ఎంత కుదరకపోయినా అడుగున్నర దాటకూడదు.

ఇక వైరు మందం. ఫ్రిజ్ నడిచేటప్పుడు 4, 5 ఆంపియర్లు లాగుతుంది. నువ్వు ల్యాప్‌టాప్ కోసం పెడతానన్న 150 వాట్ల ఇన్వర్టర్ నిండా పనిచేస్తే ఇంకో 15. మొత్తం 20 అనుకో. 1.5 ఎమ్ఎమ్ వైరు రానూ పోనూ 10 మీటర్లయితే ఒక్క ఫ్రిజ్‌కే అర వోల్టుకి పైగా దారిలో పోతుంది. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. నీ డబ్బాలో బ్యాటరీ రక్షణ ఉందన్నావు కదా, వోల్టేజీ తగ్గితే అదే ఆగిపోతుందని. అది చూసేది తన దాకా వచ్చిన వోల్టేజీని. బ్యాటరీలో 12.4 ఉన్నా దానికి 11.8 కనిపిస్తే బ్యాటరీ అయిపోయిందనుకుని ఆపేస్తుంది. నువ్వేమో ఫ్రిజ్ పాడైందని సర్వీసు సెంటర్ చుట్టూ తిరుగుతావు. ఇన్సులిన్ సంగతి సరేసరి.

అందుకని 10 స్క్వేర్ ఎమ్ఎమ్ వైరు తీసుకో. ఇంటి వైరింగ్‌కి వాడేది వద్దు, ఇంజన్ వేడికీ ఆయిలుకీ తట్టుకునే ఆటోమొబైల్ వైరే అడుగు. కొనేముందు చివర కాస్త కోయించి చూడు. లోపలి తీగల్ని బ్లేడుతో గీకితే ఎర్రగానే ఉండాలి. తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. చేత్తో పట్టుకున్నా తేలిగ్గా ఉంటుంది. ధర తక్కువ కాబట్టి అదే అంటగడతారు. ఆటోనగర్‌లో నాలుగు షాపులు తిరిగైనా అసలు రాగిదే పట్టుకో. ఈ వైరుకి బ్యాటరీ దగ్గర 30 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. డిక్కీలో చిన్న ఫ్యూజు బాక్సు పెట్టి ఫ్రిజ్‌కి 10, ఇన్వర్టర్‌కి 20 విడిగా ఇవ్వు. ఆ ఫ్యూజులు ఆ వస్తువుల వైర్ల కోసం.

ఇంజన్ వైపు నుంచి లోపలికి దారి గురించి అడిగావు. రేకుకి డ్రిల్లు వేయనివ్వకు. కంపెనీ వైర్ల కట్ట లోపలికి వెళ్లేచోట రేకు కన్నానికి తొడిగిన పెద్ద రబ్బరు బిరడా, అదే గ్రోమెట్, ఉంటుంది, చాలా కార్లలో దాని మీద వాడని చిన్న ముచ్చిక కూడా ఉంటుంది. దాని కొన కోసి, గట్టి ఇనప తీగ ఒకటి లోపలికి దూర్చి, తీగ చివరకి మన వైరుని టేపుతో బిగించి, సబ్బునీళ్లు రాసి మెల్లగా లాగితే వచ్చేస్తుంది. ఆ రబ్బరు మన వైరుని గట్టిగా పట్టుకుని ఉండాలి, రేకు అంచు ఎక్కడా తగలకూడదు. గ్రోమెట్ ముందు వైరుని కొంచెం కిందికి వంచి పైకి తిప్పండి, వానలో వైరు మీద జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, లోపలికి రావు. ఇంజన్ వైపున్నంత మేరా మడతలు మడతలుగా ఉండే ప్లాస్టిక్ గొట్టం తొడిగించు.

లోపల పెడల్స్‌కీ స్టీరింగ్ రాడ్‌కీ దూరంగా తీసుకెళ్లి, తలుపుల దగ్గర గుమ్మంలా ఉండే ప్లాస్టిక్ పట్టీలు ఎత్తి వాటి కింద నుంచి వెనక్కి లాగాలి. సీటు పట్టాల కింద నుంచి మాత్రం వద్దు, సీటు జరిపినప్పుడల్లా నలుగుతుంది. దారిలో పసుపు రంగు గొట్టంలోనో, పసుపు సాకెట్‌తోనో వైర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగులవి. ముట్టుకోవద్దు, వాటితో కలిపి కట్టొద్దు. ఇంకొకటి, వెనక సీటు కింద సాధారణంగా పెట్రోలు ట్యాంకు ఉంటుంది. ఏ క్లిప్పు బిగించాలన్నా అక్కడ నేలలోకి స్క్రూ దించనివ్వకు.

నెగటివ్ వైరుని ముందు దాకా లాగక్కర్లేదు. డిక్కీలోనే బాడీకి కంపెనీ బిగించిన ఎర్త్ బోల్టు ఒకటి చూసి, రంగు గీకి, లోహం మెరిసేదాకా రుద్ది, అదే 10 స్క్వేర్ ఎమ్ఎమ్ వైరు చివర లగ్గు (బోల్టుకి తొడిగే లోహపు ఉంగరం) వేసి బిగించు. పైన కాస్త వాజెలిన్ రాస్తే తుప్పు పట్టదు. సీటు బెల్టు బోల్టుని మాత్రం దీనికి వాడొద్దు, ప్రాణం నిలబెట్టే బోల్టు అది. లగ్గులు క్రింపింగ్ పనిముట్టుతో నొక్కాలి. సోల్డరింగ్ చేస్తే ఆ చోట వైరు బిర్రబిగుసుకుని కారు అదురుకి విరుగుతుంది.

పని మొదలుపెట్టేటప్పుడు పానా ముందు నెగటివ్ టెర్మినల్ మీద పెట్టండి. అది విప్పేశాక ప్లస్ విప్పుతుంటే పానా బాడీకి తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న. ఫ్యూజు అయితే అన్నీ బిగించి, ఇంకోసారి తడిమి చూసుకున్నాకే పెట్టాలి.

బండి ఆపి భోజనం చేసేంతసేపు ఫ్రిజ్ నడిచినా ఫరవాలేదు. ఫ్రిజ్‌లో బ్యాటరీ రక్షణని హై మీద ఉంచు, వోల్టేజీ కాస్త తగ్గగానే ఆగిపోతుంది. ఇన్వర్టర్‌ని మాత్రం కారు తాళంచెవి తీయగానే ఆగిపోయేలా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) మీద పెట్టించు, అది ఆన్‌లో మర్చిపోతే పొద్దున సెల్ఫ్ కొట్టదు.

వైరూ ఫ్యూజు హోల్డరూ కొని ఉంచు, అతన్ని అప్పుడే పిలవకు. వచ్చే ఆదివారం క్రింపింగ్ పనిముట్టూ మల్టీమీటరూ తీసుకుని నేనే వస్తాను. మధ్యాహ్నం ఎండ ఎక్కేలోపు లాగేద్దాం. నీ కారు గ్రోమెట్ ఫొటో ఒకటి తీసి పంపు, ఏ పక్క నుంచి తేవాలో ముందే చూసుకుంటాను.

నీ
మావ